హాకీ అవార్డుల అంచనాలు: అభిమాని ఆశకు ఆధారం ఎంత?

పెద్ద పోటీలు దగ్గరపడే కొద్దీ హాకీని ప్రేమించేవారి నోట ఒకే రకమైన జాబితా వినిపిస్తుంది. ఉత్తమ ఆటగాడి అవార్డు మళ్లీ హర్మన్‌ప్రీత్ సింగ్‌దేనని, మిడ్‌ఫీల్డ్‌లో హార్దిక్ సింగ్‌కు సాటి లేరని, ఫార్వర్డ్‌లలో అభిషేక్‌కు తిరుగులేదని, గోల్‌కీపర్ అవార్డు కూడా మనవాళ్లదేనని చెబుతారు. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వంటి ఊళ్లలో క్రికెట్‌తో పోలిస్తే హాకీని పట్టించుకునేవారు కొద్దిమందే అయినా, ఆ కొద్దిమందిలో ఈ నమ్మకం చాలా గట్టిది. 2026 ఆగస్టులో బెల్జియం, నెదర్లాండ్స్ కలిసి నిర్వహించే ప్రపంచ కప్, ఆ వెంటనే జపాన్‌లో ఆసియా క్రీడలు ఒకే ఏడాదిలో రావడం వల్ల, 2025లో రాజ్‌గిర్‌లో ఆసియా కప్ గెలిచి మన పురుషుల జట్టు ప్రపంచ కప్‌లో చోటు సంపాదించడం వల్ల ఈ ఆశకు మరింత బలం చేకూరింది.

ఇలాంటి అంచనాలను వట్టి అభిమానమని కొట్టిపారేసేవారూ ఉన్నారు, అక్షరసత్యాలని నమ్మేవారూ ఉన్నారు. ఎవరి మాటలో ఎంత పస ఉందో తేల్చాలంటే ముందుగా ఒక్కో అవార్డు ఏ ప్రశ్న అడుగుతోందో, ఆ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు ఎవరికి ఉందో తెలుసుకోవాలి. వాదోపవాదాలలో ఎక్కువ భాగం ఈ రెండూ కలగాపులగం కావడం వల్లనే పుడుతున్నాయి.

ఒకే మాట కింద కలిసిపోతున్న మూడు రకాల అవార్డులు

మొదటిది అంతర్జాతీయ హాకీ సమాఖ్య, అంటే ఎఫ్‌ఐహెచ్ ఇచ్చే అవార్డులు. వీటిలో పురుషులకు, మహిళలకు విడివిడిగా ఉత్తమ ఆటగాడు, ఉత్తమ గోల్‌కీపర్, వర్ధమాన ఆటగాడు అనే విభాగాలు ఉంటాయి. ఉత్తమ కోచ్‌లకు వేరుగా ఇస్తారు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది దేశం తరఫున ఆడిన అంతర్జాతీయ మ్యాచ్‌లలోని ఆట మాత్రమే.

రెండవది మన దేశపు హాకీ సమాఖ్య అయిన హాకీ ఇండియా ఏటా ఇచ్చే అవార్డులు. బల్బీర్ సింగ్ సీనియర్ పేరిట ఉత్తమ ఆటగాడికి, ఉత్తమ క్రీడాకారిణికి చెరి 25 లక్షల రూపాయల బహుమతి ఉంటుంది. అవి కాక బల్జీత్ సింగ్ పేరిట గోల్‌కీపర్‌కు, పర్గత్ సింగ్ పేరిట డిఫెండర్‌కు, అజిత్‌పాల్ సింగ్ పేరిట మిడ్‌ఫీల్డర్‌కు, ధన్‌రాజ్ పిళ్లై పేరిట ఫార్వర్డ్‌కు, ఇరవై ఒక్క ఏళ్లలోపు వర్ధమాన ఆటగాళ్లలో అబ్బాయిలకు జుగ్‌రాజ్ సింగ్ పేరిట, అమ్మాయిలకు అసుంతా లక్రా పేరిట అవార్డులు ఉన్నాయి. అంటే ‘ఫార్వర్డ్ అవార్డు అభిషేక్‌కే’ అని ఎవరైనా అంటే ఆ మాట హాకీ ఇండియా అవార్డుల విషయంలోనే అర్థవంతం, ఎందుకంటే ఎఫ్‌ఐహెచ్ జాబితాలో ఫార్వర్డ్‌లకు, మిడ్‌ఫీల్డర్లకు ప్రత్యేక విభాగం లేదు. 2024 సంవత్సరానికి హాకీ ఇండియా ఫార్వర్డ్ అవార్డు అభిషేక్‌కే, మిడ్‌ఫీల్డర్ అవార్డు హార్దిక్‌కే దక్కాయి. కాబట్టి ఆ రెండు అంచనాలకు గతంలో ఆధారం ఉంది.

మూడవది హాకీ ఇండియా లీగ్ వంటి పోటీ ముగిసిన రోజునే ఇచ్చే బహుమతులు. 2024–25 లీగ్ ఫైనల్‌లో హైదరాబాద్ తూఫాన్స్ 3–4 తేడాతో బెంగాల్ టైగర్స్ చేతిలో ఓడిపోయినా, ఉత్తమ గోల్‌కీపర్‌గా తూఫాన్స్ ఆటగాడు బిక్రమ్‌జీత్ సింగ్, వర్ధమాన ఆటగాడిగా అదే జట్టుకు చెందిన అర్ష్‌దీప్ సింగ్ ఎంపికయ్యారు. తూఫాన్స్‌ను తమ జట్టుగా భావించే తెలుగు ప్రేక్షకులకు ఇది ఆనందం కలిగించే విషయమే అయినా, లీగ్‌లో చూపిన ఈ ప్రతిభ ఎఫ్‌ఐహెచ్ అవార్డుల లెక్కలోకి రాదన్న సంగతి అంచనా వేసేటప్పుడు గుర్తుంచుకోవాలి.

కొలిచి ఇచ్చే బహుమతి, ఎంచి ఇచ్చే బహుమతి

ఒంగోలు జాతి పశువులను ఎరిగిన ప్రకాశం జిల్లా పాఠకులకు ఈ తేడాను చెప్పడం తేలిక. బండలాగుడు పోటీలో నిర్ణీత సమయంలో ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ జతకే మొదటి బహుమతి దక్కుతుంది. అడుగుల లెక్క తేలాక వాదనకు చోటుండదు. పశు ప్రదర్శనలో మాత్రం మూపురం, గంగడోలు, నడక, ఒడ్డూపొడుగూ చూసి న్యాయనిర్ణేతలు తీర్పు చెబుతారు. అక్కడ ఇద్దరు అనుభవజ్ఞులు రెండు వేర్వేరు ఎడ్లను మెచ్చినా ఇద్దరిదీ తప్పు కాదు. బండలాగుడులో గెలిచిన ఎద్దుకే ప్రదర్శనలోనూ బహుమతి రావాలని ఎవరూ పట్టుబట్టరు.

హాకీలో అత్యధిక గోల్స్ బహుమతి మొదటి రకానికి చెందినది. 2024–25 లీగ్‌లో 12 గోల్స్ చేసిన బెంగాల్ టైగర్స్ ఆటగాడు జుగ్‌రాజ్ సింగ్‌కు (పైన చెప్పిన అవార్డు పేరులోని జుగ్‌రాజ్ వేరే వ్యక్తి) అది లెక్క ప్రకారం దక్కింది, ఎవరి ఓటూ అవసరం కాలేదు. అదే లీగ్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి మాత్రం ఆయన సహచరుడు సుఖ్‌జీత్ సింగ్‌కు వెళ్లింది. ఉత్తమ ఆటగాడు అనేది ఎంచి ఇచ్చేది కాబట్టి ఎక్కువ గోల్స్ చేసినవారికే అది రావాలన్న నియమం లేదు.

అభిమానుల అంచనాలలో నాకు తరచుగా కనిపించే పొరపాటు ఇక్కడే ఉంది. గోల్స్ పట్టికను చూసి ఎంపిక అవార్డును ఊహిస్తారు. టోక్యో ఒలింపిక్స్‌లో బెల్జియం డ్రాగ్‌ఫ్లికర్ (పెనాల్టీ కార్నర్లలో బంతిని గోల్‌లోకి విసిరి కొట్టే నిపుణుడు) అలెగ్జాండర్ హెండ్రిక్స్ 14 గోల్స్‌తో అగ్రస్థానంలో నిలిచాడు, అతని జట్టు స్వర్ణం గెలిచింది. మన హర్మన్‌ప్రీత్ అక్కడ 6 గోల్స్ చేశాడు, మన జట్టుకు కాంస్యం వచ్చింది. ఆ ఏడాది ఎఫ్‌ఐహెచ్ ఉత్తమ ఆటగాడు హర్మన్‌ప్రీత్. ఎనిమిదిసార్లు ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచిన అర్జెంటీనా దిగ్గజం లూసియానా ఐమార్ మిడ్‌ఫీల్డర్. 2017, 2018లలో వరుసగా ఉత్తమ ఆటగాడైన బెల్జియం క్రీడాకారుడు ఆర్థర్ వాన్ డోరెన్ డిఫెండర్. మ్యాచ్‌ను ఎవరు నడిపించారు, ఎవరు లేకపోతే జట్టు తడబడుతుంది అన్న ప్రశ్నలకు గోల్స్ పట్టిక సగం జవాబే చెప్పగలదు.

2021లో ఆరుకు ఆరు ఎలా వచ్చాయి

మన అభిమానుల ధీమాకు మూలం 2021 అక్టోబరులో వెలువడిన ఫలితాలు. ఆటగాళ్లకు ఇచ్చే ఆరు అవార్డులూ భారతీయులకే వచ్చాయి: హర్మన్‌ప్రీత్, గుర్జీత్ కౌర్ ఉత్తమ ఆటగాళ్లు, శ్రీజేష్, సవిత ఉత్తమ గోల్‌కీపర్లు, వివేక్ ప్రసాద్, శర్మిలా దేవి వర్ధమాన ఆటగాళ్లు. కోచ్‌ల అవార్డులు సైతం మన జట్లకు శిక్షణ ఇచ్చిన గ్రాహం రీడ్, షోర్డ్ మరీనేలకే దక్కాయి. 41 ఏళ్ల తర్వాత హాకీలో ఒలింపిక్ పతకం చూసిన దేశానికి అది పండుగే. అయితే టోక్యోలో మన మహిళల జట్టు నాలుగో స్థానంలో నిలిచిందని, స్వర్ణం నెదర్లాండ్స్ మహిళలదని, పురుషుల స్వర్ణం బెల్జియందని గుర్తుచేసుకుంటే ఆ ఫలితాలు ఇతర దేశాలవారిని ఎందుకు నొప్పించాయో అర్థమవుతుంది. స్వర్ణం గెలిచిన జట్టులో పలువురికి నామినేషన్లు ఉన్నా ఒక్క అవార్డూ రాకపోవడం ఓటింగ్ విధానంపైనే సందేహాలు రేకెత్తిస్తోందని బెల్జియం హాకీ సమాఖ్య బహిరంగంగానే అన్నది.

అప్పటి పద్ధతిలో సభ్య దేశాల జట్ల ప్రతినిధులైన కెప్టెన్లు, కోచ్‌ల ఓటుకు 50 శాతం, మీడియాకు 25 శాతం, అభిమానులూ ఆటగాళ్లూ కలిసి వేసే ఓట్లకు 25 శాతం విలువ ఉండేది. విమర్శలకు జవాబుగా ఎఫ్‌ఐహెచ్ ఓటింగ్ వివరాలను వెల్లడించింది. ఆసియాలో 33 జాతీయ హాకీ సంఘాలకు 29 ఓటు వేశాయి. యూరప్‌లో 42 సంఘాలకు 19 మాత్రమే వేశాయి.

ఈ అంకెలను ఇద్దరూ తమకు అనుకూలంగా చదువుకోవచ్చు. ఓటు హక్కు ఉండి కూడా వినియోగించుకోని సంఘాలు ఆ తర్వాత ఫలితాన్ని తప్పుపట్టడం న్యాయం కాదన్నది భారత అభిమానుల వాదన. అందులో నిజం ఉంది. మనవాళ్లు ఏ నియమాన్నీ మీరలేదు, ఉన్న నియమాల ప్రకారమే గెలిచారు. ఓటు వేసినవారి సంఖ్యను బట్టి ఫలితం ఒకవైపు మొగ్గితే అది ఆటలో ఎవరు ఉత్తములో చెప్పే కొలమానంగా నిలబడదన్నది అవతలివారి వాదన. అదీ తోసిపుచ్చదగినది కాదు. నా దృష్టిలో రెండు వాదనలూ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు: మొదటిది గెలుపు సక్రమమా అని, రెండవది కొలత సరైనదా అని. హర్మన్‌ప్రీత్, శ్రీజేష్‌ల ప్రతిభను తగ్గించకుండానే రెండవ ప్రశ్నను అడగవచ్చు.

ఓటు విలువ మారితే ఫలితం ఎలా తిరగబడుతుంది

తర్వాత పద్ధతిని మార్చారు. 2022 నుంచి నిపుణుల బృందం ఓటుకు 40 శాతం, జాతీయ జట్ల కెప్టెన్లు, కోచ్‌లకు 20 శాతం, మీడియాకు 20 శాతం, అభిమానులూ ఆటగాళ్లకు 20 శాతం విలువ కేటాయించారు. ఈ మార్పు ప్రభావం ఎంతటిదో ఒక ఊహాజనిత లెక్కతో చూద్దాం.

బరిలో ముగ్గురు ఉన్నారనుకుందాం. ‘క’ అనే ఆటగాడిది అభిమానులు కోట్లలో ఉన్న దేశం. ‘గ’ది చిన్న దేశం, కానీ ఆటను వృత్తిగా చూసేవారిలో అతనికి మంచి పేరు. జట్ల ఓట్లలో క కు 30 శాతం, గ కు 40 శాతం వచ్చాయి. మీడియా ఓట్లలో క కు 30, గ కు 45. అభిమానుల ఓట్లలో క కు 70, గ కు 10. మిగిలినవి మూడో వ్యక్తివి.

పాత పద్ధతిలో క కు జట్ల నుంచి 15, మీడియా నుంచి 7.5, అభిమానుల నుంచి 17.5 కలిపి 40 పాయింట్లు వస్తాయి. గ కు 20, 11.25, 2.5 కలిపి 33.75 వస్తాయి. జట్లూ మీడియా రెండూ గ వైపే మొగ్గినా, అభిమానుల బలంతో క స్పష్టంగా గెలుస్తాడు.

కొత్త పద్ధతిలో నిపుణులు క కు 25 శాతం, గ కు 50 శాతం ఇచ్చారనుకుందాం. క కు నిపుణుల నుంచి 10, జట్ల నుంచి 6, మీడియా నుంచి 6, అభిమానుల నుంచి 14 కలిపి 36 వస్తాయి. గ కు 20, 8, 9, 2 కలిపి 39 వస్తాయి. ఒక్క ఓటరు కూడా మనసు మార్చుకోకుండానే, కొత్తగా నిపుణులు వచ్చి చేరడంతో విజేత మారిపోయాడు.

ఇక్కడితో ఆగితే కొత్త పద్ధతి మనకు వ్యతిరేకమన్న తొందరపాటు నిర్ణయానికి వస్తాం. అదే నిపుణులు క కు 40, గ కు 35 శాతం ఇచ్చి ఉంటే క కు 42, గ కు 33 వచ్చి క యే గెలిచేవాడు. అభిమానుల ఓటు విలువ 25 నుంచి 20కి తగ్గిందే కానీ పోలేదు. నిపుణులు కూడా మెచ్చే ఆటగాడికి ఆ 20 శాతం ఇప్పటికీ పెద్ద అండ. నిపుణులు మెచ్చని ఆటగాడిని అది ఒంటరిగా గట్టెక్కించలేదు.

మార్పు తర్వాతి ఫలితాలు ఏం చెబుతున్నాయి

2022లో ఆరు అవార్డులలో నాలుగు మనకు వచ్చాయి: హర్మన్‌ప్రీత్, శ్రీజేష్, సవిత, వర్ధమాన క్రీడాకారిణిగా ముంతాజ్ ఖాన్. 2023లో రెండు, హార్దిక్ సింగ్‌కూ సవితకూ. 2024లో మళ్లీ రెండు, హర్మన్‌ప్రీత్‌కూ శ్రీజేష్‌కూ. ఆరు, నాలుగు, రెండు, రెండు అనే ఈ వరుసను చూసి, పద్ధతి మారగానే మన బలం కరిగిపోయిందని విమర్శకులు అనవచ్చు. కానీ ఈ తగ్గుదలకు కారణం ఒక్క ఓటింగ్ పద్ధతే అని చెప్పడానికి వీల్లేదు. మన మహిళల జట్టు పారిస్ ఒలింపిక్స్‌కు అర్హత సాధించలేకపోయింది. ఏడాదిలో అతిపెద్ద వేదికపై కనిపించని క్రీడాకారిణికి 2024లో ఓటు పడే అవకాశం ఏ పద్ధతిలోనైనా తక్కువే.

పురుషుల వైపు చూస్తే చిత్రం వేరు. 2021 నుంచి 2024 వరకు ఇచ్చిన నాలుగు ఉత్తమ ఆటగాడి అవార్డులూ భారతీయులవే, అందులో మూడు నిపుణులకు 40 శాతం ఓటు ఇచ్చాక వచ్చినవే. పారిస్‌లో హర్మన్‌ప్రీత్ 10 గోల్స్‌తో అందరికంటే ముందు నిలిచాడు. స్పెయిన్‌పై 2–1తో కాంస్యం గెలిచిన మ్యాచ్‌లో రెండు గోల్స్‌ కూడా అతనివే. స్వర్ణం నెదర్లాండ్స్‌ది అయినా ఆ ఏడాది అతని ఎంపికను తప్పుపట్టడం కష్టం. 2021 నాటి అభిమాని ఆశ ఓట్ల బలంతో నెగ్గిందని ఎవరైనా అంటే, 2024 నాటి ఆశ మైదానంలో చూపిన ఆటతో నెగ్గిందని అంతే గట్టిగా చెప్పవచ్చు. 2019లో మన్‌ప్రీత్ సింగ్ ఈ అవార్డు అందుకున్న తొలి భారతీయుడు కావడానికి ముందు, మన దేశంలో ఇలాంటి అంచనా వేయడానికే ధైర్యం చాలేది కాదు.

గోల్‌కీపర్ల విషయంలో ఎందుకు ఆచితూచి మాట్లాడాలి

అంచనాలలో అన్నిటికంటే బలహీనమైనది, ‘గోల్‌కీపర్ అవార్డు కూడా మనదే’ అన్నది. 2021, 2022, 2024లలో ఆ అవార్డు అందుకున్న శ్రీజేష్ పారిస్ తర్వాత అంతర్జాతీయ హాకీ నుంచి తప్పుకున్నాడు. అక్కడ బ్రిటన్‌తో క్వార్టర్‌ఫైనల్‌లో మన డిఫెండర్ అమిత్ రోహిదాస్ రెడ్ కార్డుతో బయటికి వెళ్లిపోగా, పది మందితోనే మిగిలిన సమయమంతా కాచుకుని, షూటౌట్‌లో 4–2తో గెలిచిన ఆ రోజు శ్రీజేష్ ఆటను చూసినవారికి ఆ లోటు ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. అవార్డు అన్ని ఏళ్లు వచ్చింది ఆ మనిషికి. ఆ స్థానంలోకి వచ్చినవారికి అది వారసత్వంగా రాదు.

హాకీ ఇండియా అవార్డులలో ఇంకొక చిక్కు ఉంది. అక్కడ స్థానాలను బట్టి ఇచ్చే అవార్డులలో పురుషులు, మహిళలు ఒకే జాబితాలో పోటీపడతారు. 2024లో ఎఫ్‌ఐహెచ్ శ్రీజేష్‌ను పురుషులలో ఉత్తమ గోల్‌కీపర్‌గా ఎంపిక చేస్తే, హాకీ ఇండియా గోల్‌కీపర్ అవార్డు సవితకు దక్కింది. రెండు నిర్ణయాలలో ఒకటి తప్పు అనుకోవలసిన పని లేదు. ఒకచోట విభాగాలు రెండు, మరొకచోట ఒకటి.

మన రాష్ట్రంవారి ఆశలకు ఇక్కడ దగ్గరి ఉదాహరణ ఉమ్మడి చిత్తూరు జిల్లా బిడ్డ ఎతిమరపు రజని. 2022 కామన్వెల్త్ క్రీడలలో కాంస్యం గెలిచిన జట్టులో ఆమె ఉంది. కానీ ఆమె కాలమంతా సవిత కాలమే. ఫార్వర్డ్‌లు, మిడ్‌ఫీల్డర్లు మ్యాచ్ మధ్యలో ఎన్నిసార్లయినా మారుతుంటారు కాబట్టి పదహారో ఆటగాడికి కూడా తన ఆట చూపే నిమిషాలు దొరుకుతాయి. గోల్‌పోస్టు ముందు నిలిచేది ఒక్కరే. రెండో గోల్‌కీపర్ ఎంత గొప్పగా సాధన చేసినా, ఆడే నిమిషాలు లేకపోతే ఓటు వేసేవారి కంటికి ఆనదు. ఆంధ్రప్రదేశ్ నుంచి అంత దూరం వెళ్లిన గోల్‌కీపర్‌కు దక్కవలసిన గుర్తింపు దక్కలేదని నేను నమ్ముతాను. అయినా ఈ అవార్డులు ఆ లోటును పూడ్చే రకానికి చెందినవి కావు.

జట్టు ఓడినా ఆటగాడు గెలవవచ్చు

2023 జనవరిలో భువనేశ్వర్, రౌర్కెలాలలో జరిగిన ప్రపంచ కప్‌లో మన జట్టు క్వార్టర్‌ఫైనల్ కూడా చేరలేదు. హార్దిక్ గాయపడి మధ్యలోనే తప్పుకున్నాడు. అయినా ఆ ఏడాది ప్రపంచ ఉత్తమ ఆటగాడు హార్దికే. ప్రపంచ కప్ తర్వాత చెన్నైలో ఆసియా ఛాంపియన్స్ ట్రోఫీ, హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టుకు మిడ్‌ఫీల్డ్‌లో అతనే ఇరుసు. పారిస్‌లో రెడ్ కార్డు వల్ల సెమీఫైనల్‌కు దూరమైన రోహిదాస్‌కు అదే ఏడాది హాకీ ఇండియా ఉత్తమ డిఫెండర్ అవార్డు వచ్చింది. ఒక్క మ్యాచ్‌ను, ఒక్క టోర్నీని పట్టుకుని ఏడాది అవార్డును ఊహించకూడదనడానికి ఈ రెండూ చాలు.

నాలుగు అంచనాలూ కలిసి నిజం కావడం ఎంత కష్టం

ఒక అభిమాని నాలుగు అవార్డులకు నలుగురు పేర్లు చెప్పి, ఒక్కో అంచనాపై అరవై శాతం నమ్మకం ఉందన్నాడనుకుందాం. విడివిడిగా చూస్తే ప్రతిదీ సబబుగానే తోస్తుంది. కానీ ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకుంటే నాలుగూ నిజమయ్యే అవకాశం 0.6ను నాలుగుసార్లు గుణిస్తే వచ్చే 0.13, అంటే 13 శాతం. కనీసం మూడు నిజమయ్యే అవకాశం దాదాపు 48 శాతం. సగటున రెండు, మహా అయితే మూడు నిజమవుతాయని ఆశించడం సమంజసం. 2023, 2024లలో రెండేసి అవార్డులు రావడాన్ని వైఫల్యంగా చూసినవారు ఈ లెక్కను మరచిపోయారు.

పై లెక్కలో ఒక లోపం ఉంది, అది అభిమానికే అనుకూలం. ఈ అవార్డులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కావు. జట్టు పెద్ద వేదికపై చివరి రోజు వరకు నిలిస్తే కెప్టెన్, మిడ్‌ఫీల్డర్, గోల్‌కీపర్ ముగ్గురూ ఒకేసారి ప్రపంచం కంట పడతారు. గ్రూపు దశలోనే ఇంటిముఖం పడితే ముగ్గురి అవకాశాలూ ఒకేసారి తగ్గుతాయి. 2021లో ఆరుకు ఆరు రావడం వెనుక ఓటింగ్ తీరుతో పాటు ఈ కలిసివచ్చే గుణం కూడా ఉంది. అందువల్ల 2026 జాబితా రాసుకున్నవారు నలుగురి పేర్లపై విడివిడిగా వాదించుకోవడం కంటే, ఆగస్టు 30న ముగిసే ప్రపంచ కప్‌లో మన జట్టు సెమీఫైనల్ చేరుతుందా లేదా అన్న ఒక్క విషయంపై దృష్టి పెట్టడం మేలు. హర్మన్‌ప్రీత్ పెనాల్టీ కార్నర్లు, హార్దిక్ మిడ్‌ఫీల్డ్ ఆట మీద పెట్టుకున్న ఆశకు మంచి ఆధారం ఉందని నా అభిప్రాయం. శ్రీజేష్ లేని గోల్‌పోస్టు గురించి మాత్రం మరికొన్ని పెద్ద మ్యాచ్‌లు చూశాకే మాట్లాడాలి.